వరంగల్ నుంచి మాంట్ బ్లాంక్ చుట్టూ పది రోజుల నడక: ముందు దిగడం నేర్చుకోండి

నమస్కారం. మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తరువాత చదివేవారికీ పనికొస్తుంది. మీకు 54 ఏళ్లు, మీ శ్రీమతికి 50. హనుమకొండలో ఉంటారు, రోజూ ఉదయం భద్రకాళి బండ్ మీద ఐదు కిలోమీటర్లు నడుస్తారు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి వచ్చే జులైలో ఆల్ప్స్ పర్వతాలలో మాంట్ బ్లాంక్ శిఖరం చుట్టూ పది రోజులు నడుద్దామని, గుడారాలు మోయనక్కర్లేదని, ప్రతి రాత్రీ కొండ మీది హట్‌లోనే, అంటే నడిచేవారికి పడక, భోజనం ఇచ్చే విడిదిలోనే, బస అని చెప్పి రమ్మంటున్నాడు. మన దగ్గర గుట్టలే తప్ప పర్వతాలు లేవు కదా, ఈ వయసులో ఇది మా వల్ల అవుతుందా, అవుతుందంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి, శాకాహారులం కాబట్టి అక్కడ తిండి సంగతి ఏమిటి అని అడిగారు.

అవుతుంది. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని, క్రీడాకారుడిని కాను. మా ఆవిడతో కలిసి ఆ దారి రెండుసార్లు నడిచాను. మొదటిసారి 2017లో నానా యాతన పడ్డాం, రెండోసారి 2023లో, ఆరేళ్లు వయసు పైబడ్డాక, హాయిగా నడిచాం. ఈ తేడాకు కారణం ఒక్కటే కాబట్టి మిగతా విషయాల కంటే ముందు దాని గురించే చెబుతాను.

ఆ దారి మొత్తం సుమారు 170 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌లో మొదలై, ఇటలీ, స్విట్జర్లాండ్ గుండా తిరిగి ఫ్రాన్స్‌కే వస్తుంది. దారి పొడవునా ఎక్కే ఎత్తులన్నీ కలిపితే దాదాపు 10,000 మీటర్లు అవుతాయి. బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం కాబట్టి దిగేది కూడా అంతే. పది రోజులకు పంచుకుంటే రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కి వెయ్యి మీటర్లు దిగాలి. వెయ్యి మీటర్లంటే ఎంతో మన ఇంటి లెక్కలో చూడండి. నాలుగంతస్తుల అపార్టుమెంటులో కింది నుంచి పైదాకా ఎత్తు సుమారు 12 మీటర్లు ఉంటుంది. అంటే రోజుకు 83 సార్లు ఆ మెట్లెక్కి 83 సార్లు దిగి, మరునాడు లేచి మళ్లీ అదే పని చేయడమన్నమాట. భయపెట్టడానికి చెప్పడం లేదు, భద్రకాళి బండ్ మీది నడక దీనికి ఎందుకు చాలదో తెలియాలని చెబుతున్నాను. బండ్ చదునుగా ఉంటుంది. అక్కడ ఐదు కిలోమీటర్లను పదిహేను చేసినా ఊపిరికి మేలే గానీ తొడలకు అసలైన పాఠం అందదు.

మొదటిసారి నేను చేసిన పొరపాటు వింటే నవ్వుతారు. అప్పుడు మేము అపార్టుమెంటులో ఐదో అంతస్తులో ఉండేవాళ్లం. ఆరు నెలల పాటు, వీపున సంచి వేసుకుని, రోజుకు పాతికసార్లు మెట్లెక్కేవాళ్లం. ప్రతిసారీ లిఫ్టులో దిగేవాళ్లం. దిగడానికి ఏముంది, మోకాళ్లు అరగడం తప్ప అనుకున్నాను. తీరా అక్కడికి వెళ్లాక రెండో రోజు బొనోమ్ కనుమ దాటి, దాదాపు 2,440 మీటర్ల ఎత్తు నుంచి షాప్యూ అనే చిన్న పల్లెకు తొమ్మిది వందల మీటర్లు దిగాం. దిగేటప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. మరునాడు పొద్దున మా ఆవిడ పడక గది నుంచి కింది హాలుకు చెక్కమెట్లు దిగలేక, గోడ పట్టుకుని వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగింది. నాకూ మంచం మీద కూర్చోవాలంటే చేతుల మీద భారం వేయాల్సి వచ్చింది. ఎక్కడంలో మా ఇద్దరికీ ఊపిరి ఆడకపోవడమంటూ లేదు. మమ్మల్ని పడగొట్టింది దిగుడే.

దీనికి కారణం తేలిగ్గా అర్థమయ్యేదే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం, ఒంటి బరువంతా మీద పడుతుండగా, సాగుతూ బ్రేకులా పట్టి ఉంచాలి. అలా సాగుతూ పట్టడంలో కండరపు పోగులకు సూక్ష్మమైన దెబ్బ తగులుతుంది. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మరునాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది. అయితే దీనిలోనే మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. ఇలాంటి దెబ్బ ఒకసారి తిని కోలుకున్న కండరం, కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. కాబట్టి ఆ నొప్పులేవో ఆల్ప్స్‌లో కాకుండా హనుమకొండలోనే, ఇంట్లో వేడి నీళ్లు, మంచి పడక ఉన్నప్పుడే పడటం తెలివైన పని.

అందుకని మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు మీ ఇంటి మెట్లే చాలు, కానీ లిఫ్టుకు తాళం వేసినట్టే అనుకోండి. ఐదుసార్లు ఎక్కి దిగడంతో మొదలుపెట్టి ముప్పైకి చేరండి. దిగేటప్పుడు కాలు ధబీమని వేయకుండా, పై మెట్టు మీది కాలు నెమ్మదిగా వంగుతూ కింది కాలును దించాలి. మెట్టుకు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటే ఆ వేగం అలవాటవుతుంది. మూడో నెల నుంచి వీపున సంచి వేసుకోండి, మొదట మూడు కిలోలు, తరువాత ఆరు. పద్మాక్షి గుట్ట మీకు నడక దూరమే, మడికొండ మెట్టుగుట్ట పావుగంట ప్రయాణం. ఆదివారాలు ఈ రెండింటిలో ఒకదానిని ఒక్కసారి ఎక్కి ప్రసాదం తిని రావడం కాదు, ఐదారుసార్లు ఎక్కి దిగండి. పూజారిగారు మొదటి రెండు వారాలు వింతగా చూస్తారు, తరువాత అలవాటుపడతారు. మెట్లు లేని రాతి దారి కూడా కాళ్లకు తెలియాలి, ఎందుకంటే అక్కడ సగం దారి ఎత్తుపల్లాల రాళ్లే. దానికి రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు, పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా మంచివి. రామగిరి ఖిల్లా దారి పొడవైనది, చెట్ల నడుమ రాళ్ల మీద సాగుతుంది, పొద్దున బయలుదేరితే కాళ్లకు, ఓపికకు రెంటికీ పరీక్ష పెడుతుంది. చలికాలంలోనే వెళ్లండి, తోడుగా ఊరివాళ్లను ఒకరిని వెంటబెట్టుకోండి.

ఇక రెండో సంగతి, వరుస. ఒక్క రోజు ఇరవై కిలోమీటర్లు నడవడం వేరు, వరుసగా మూడో రోజు పదిహేను నడవడం వేరు. కాలినడకన మేడారం వెళ్లివచ్చిన వాళ్లను ఎవరినైనా అడగండి, మొదటి రోజు పాటలు పాడుతూ నడిచామనీ రెండో రోజు పాదాలు వాచి చెప్పులు పట్టలేదనీ చెబుతారు. మార్చి తరువాత శని, ఆదివారాలు రెండూ నడవండి, బయలుదేరే ముందు నెలలో ఒకసారైనా మూడు రోజులు వరుసగా నడవండి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో మన దగ్గర తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడింటికల్లా ఇంటికి చేరాలి. ఆ ఎండలో మొండిగా సాధన చేసి వడదెబ్బ తెచ్చుకుంటే ఆరు నెలల కష్టం వృథా అవుతుంది. మేము మే నెలంతా ఇంటి మెట్లతోనే సరిపెట్టాం. బయలుదేరే ముందు చివరి పది రోజులు కాళ్లకు విశ్రాంతినిచ్చి మామూలు నడకతో ఆపండి.

సాధన మొదలుపెట్టే ముందే డాక్టరుగారిని కలవండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో ఆయన చెబుతారు. మీలో ఎవరికైనా షుగర్ ఉంటే, రోజుకు ఏడు గంటలు నడిచినప్పుడు మాత్రల మోతాదు మామూలు రోజుల్లోలాగే ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకుని, ఆ మాట ప్రత్యేకంగా అడిగి రాయించుకోండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి మాత్రం ఈ దారిలో బెంగ అక్కర్లేదు. అత్యంత ఎత్తైన కనుమ 2,665 మీటర్లు, అదీ ఆ కనుమ మీది దారి ఎంచుకుంటేనే. నిద్రపోయేది ఎప్పుడూ 2,500 మీటర్ల లోపే.

వీలైతే ఒక రిహార్సల్ చేయండని నా గట్టి సలహా. మన దేశంలోనే హట్ నుంచి హట్‌కు నడిచే దారి ఉంది, డార్జిలింగ్ దగ్గర సింగలీలా కొండవరుస మీది సందక్‌ఫు. వరంగల్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కలకత్తా చేరతారు, అక్కడ సియాల్దాలో రాత్రి రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగి, జీపులో మిరిక్ మీదుగా మానేభంజ్యాంగ్ వెళ్లాలి. అక్కడి నుంచి గైడును తీసుకుని తుమ్లింగ్, కాలీపోఖ్రి, సందక్‌ఫు, ఫలూత్ మీదుగా ఐదారు రోజుల నడక. రాత్రులు ట్రెక్కర్స్ హట్లలోనో చిన్న లాడ్జీలలోనో బస, ఎక్కడికక్కడ వేడి అన్నం, పప్పు దొరుకుతాయి. 3,636 మీటర్ల సందక్‌ఫు నుంచి ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు, అంటే ప్రపంచంలోని ఐదు అత్యున్నత శిఖరాలలో నాలుగు, ఒకే చోట నిలబడి చూడవచ్చు. ఫలూత్ నుంచి గోర్ఖే పల్లెకు ఒక్క రోజులో వెయ్యి మీటర్లకు పైగా దిగాలి, మీ తొడలకు అసలు పరీక్ష అక్కడే జరుగుతుంది. అక్టోబరు చివర, నవంబరు అయితే ఆకాశం తేటగా ఉంటుంది. ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్ అనే కొండచెట్ల పూలు విరగబూస్తాయి గానీ పొగమంచు ఎక్కువ. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఆ జాతీయ ఉద్యానం మూసి ఉంటుంది. ఇది ఆల్ప్స్‌లోని ఆ దారి కంటే ఎత్తు కాబట్టి జీపులో ఒక్క రోజులో పైకి పోకుండా, నడుస్తూ నెమ్మదిగా ఎక్కడమే మంచిది. బూట్లు, సంచి, దంపతుల నడక వేగంలో తేడా, ఈ మూడింటి లోపాలూ ఇక్కడే బయటపడిపోతాయి. మూడోదే అన్నిటికంటే గడ్డు సమస్య. నేను వంద మీటర్లు ముందు నడిచి, ఆగి, ఆమె రాగానే మళ్లీ కదిలేవాడిని. నాకు విశ్రాంతి దొరికేది, ఆమెకు దొరికేది కాదు. ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవారు ముందుండాలన్న నియమం సందక్‌ఫు దారిలోనే పెట్టుకున్నాం.

ఇప్పుడు బుకింగుల సంగతి, ఇందులో ఆలస్యం పనికిరాదు. ఆ హట్లు సాధారణంగా జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకానే తెరిచి ఉంటాయి. మరుసటి వేసవి పడకలకు బుకింగులు అంతకు ముందటి శరదృతువు, చలికాలాల్లోనే మొదలై, పేరున్న హట్లు త్వరగా నిండిపోతాయి. ముందుగా దొరకడం కష్టమైన బొనోమ్, ఎలిసబెట్టా, బొనాట్టి హట్లలో తేదీలు ఖాయం చేసుకుని, మిగతా రాత్రులను వాటి చుట్టూ సర్దుకోమని మీ అబ్బాయికి చెప్పండి. పడక, రాత్రి భోజనం, ఉదయపు అల్పాహారం కలిపి రాత్రికి ఒక్కొక్కరికి 60 యూరోల పైమాటే అవుతుంది. కొన్ని చోట్ల కార్డు పనిచేయదు, నగదు ఉంచుకోండి, స్విస్ భాగానికి కొన్ని ఫ్రాంకులు విడిగా. బుక్ చేసిన రాత్రికి వెళ్లలేకపోతే ఫోను చేసి తీరాలి. డబ్బు సంగతి అటుంచండి, రావలసినవాళ్లు రాకపోతే దారిలో ఏమైనా జరిగిందేమోనని అక్కడ కంగారుపడతారు.

జులైలో పది తేదీ దాటాక పెట్టుకోండి. జూన్‌లో ఎత్తైన కనుమల మీద మంచు మిగిలి ఉంటుంది, మనలాంటి వాళ్లకు మంచు మీద అడ్డంగా దాటడం అలవాటు లేదు. ఆగస్టు చివరి వారంలో అదే దారి మీద పెద్ద పర్వత పరుగు పోటీ జరుగుతుంది, ఆ రోజుల్లో పడకలు దొరకవు, దారీ కిక్కిరిసిపోతుంది. సెప్టెంబరు మొదటి పక్షం నాకు అన్నిటికంటే ఇష్టం, కానీ మీ అబ్బాయి సెలవులు మీ చేతిలో లేవు కదా. మూడు దేశాలకూ కలిపి ఒక్క షెంగెన్ వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి, కొడుకు దగ్గర నెల ఉండేట్టయితే అది జర్మనీయే అవుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, హట్ల బుకింగు కాగితాలు బసకు రుజువుగా పనికొస్తాయి. వీసా కోసం 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా చూపించాలి. అయితే ఆ చవక బీమాలో కొండ మీది నుంచి హెలికాప్టరులో దించే ఖర్చు ఉందో లేదో పాలసీ చదివి చూడండి, లేకపోతే అది ఉన్న పాలసీ విడిగా తీసుకోండి. ఆపదలో మూడు దేశాల్లోనూ 112కు ఫోను చేయవచ్చు.

సంచి బరువు నీళ్లతో కలిపి ఆరేడు కిలోలు దాటకూడదు. హట్‌లో పడక, దుప్పటి, భోజనం ఉంటాయి కాబట్టి ఇది సాధ్యమే. మొదటిసారి మాది పదమూడు కిలోలు. ఒక అదనపు స్వెటరు, రెండు జీన్సు ప్యాంట్లు, ఒక చిన్న కుక్కరు. అవును, కుక్కరే. హట్‌లో వంట చేసుకోనివ్వరని నాకు తోచలేదు, కూర్మాయెర్ అనే ఇటలీ పట్నంలో దానిని పోస్టులో స్నేహితుల ఇంటికి పంపించాం. కాటన్ బట్టలు తడిస్తే త్వరగా ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి, అందుకే లోపలి బట్టల దగ్గర నుంచి ఉన్నివో పాలిస్టరువో తీసుకోండి. రెండు జతలు చాలు, సాయంత్రం ఒకటి ఉతికి ఆరేసుకుంటారు. మంచి వాన కోటు, ఒక వెచ్చని కోటు, చేతి తొడుగులు, ఉన్ని టోపీ జులైలోనూ తప్పనిసరి. తల దీపం, పవర్ బ్యాంకు, పలచని పడక సంచి కూడా ఉండాలి. హట్ దుప్పట్ల కింద మన సొంత పడక సంచి లేకుండా పడుకోనివ్వరు, పాత పట్టు చీరతో కుట్టించుకుంటే రెండు వందల గ్రాములకు మించదు, మా ఆవిడ అలాగే కుట్టింది. నడక కర్రలు ఇద్దరికీ రెండేసి కొనండి. దిగేటప్పుడు అవి మోకాళ్ల మీది భారాన్ని భుజాలకు కొంత పంచుతాయి. చేతిలో కర్ర పట్టుకుంటే ముసలివాళ్లమని ఒప్పుకున్నట్టేనని నేను మొదటిసారి తీసుకెళ్లలేదు, తీరా ఆ దారిలో పాతికేళ్ల పిల్లల చేతుల్లో కూడా కర్రలు కనిపించాయి.

బూట్లు మామూలు కొలత కంటే అర సైజు పెద్దవి, సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూసి, దసరా నాటికే కొనండి. దిగుడులో వేళ్లు ముందుకు జరిగి బూటు ముక్కుకు కొట్టుకుంటాయి, అర సైజు ఖాళీ లేకపోతే బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతుంది. బయలుదేరే ముందు గోళ్లు కురచగా కత్తిరించుకోండి. నడకలో ఎక్కడైనా చురుక్కుమంటే పొక్కు వచ్చేదాకా ఆగకుండా అక్కడే కూర్చుని, సాక్సు విప్పి, మెడికల్ టేపు అంటించండి. పదిమంది మనల్ని దాటి వెళ్లిపోతుంటే ఆగడానికి మొహమాటం వేస్తుంది. ఆ మొహమాటం ఖరీదు మరుసటి మూడు రోజులు.

రోజు ఎలా గడుస్తుందో చెబితే మీకు ధైర్యం వస్తుంది. కొండ నడక లెక్కకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఒకటుంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. పదిహేను కిలోమీటర్లు, వెయ్యి మీటర్లు అయితే నాలుగు గంటల నలభై నిమిషాలు. మన వయసుకు దానికి సగం కలపండి, ఏడు గంటలు. దారిలోని పసుపు పలకల మీద కూడా కిలోమీటర్లకు బదులు గంటలే రాసి ఉంటాయి, వాటినీ ఇలాగే ఒకటిన్నర రెట్లు చేసుకోండి. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములతో వాన పడటం మామూలే కాబట్టి, ఉదయం ఏడింటికి బయలుదేరి, ఎత్తైన కనుమను పన్నెండు లోపు దాటి, మూడింటికల్లా హట్ చేరాలి. ఇలా చేరడంలోనే ఆనందమంతా ఉంది. మొదటిసారి సాయంత్రం ఆరున్నరకు పడుతూ లేస్తూ చేరి, తిని పడుకోవడం తప్ప మేము ఏమీ చూడలేదు. రెండోసారి ఎలిసబెట్టా హట్ ముందర రెండున్నరకే బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా హిమానీనదం. దాని నుంచి నిమిషానికొకసారి ఎక్కడో మంచు విరిగిన చప్పుడు, మనం చూపు తిప్పేసరికి తెల్లటి పొడి మాత్రం జారుతూ కనిపించేది. కింద పచ్చికలో ఆవుల మెడ గంటలు. రాళ్ల మధ్య మార్మట్ అనే బొద్దు ఉడుత ఈల వేస్తే మొదట ఎవరో మనిషి పిలిచాడనుకుని మా ఆవిడ లేచి నిలబడింది. కాళ్లు చల్లటి నీళ్లలో పెట్టుకుని అలా మూడు గంటలు కూర్చున్నాం.

హట్ మర్యాదలు మనకు కొత్త కాదు. గడప దగ్గరే బూట్లు విప్పి అలమారులో పెట్టి, వాళ్లిచ్చే రబ్బరు చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లాలి. గుడికి వెళ్లే జాతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పడకలు సాధారణంగా ఒకే గదిలో పది, పన్నెండు, కొన్ని చోట్ల పొడవైన చెక్క అరుగు మీద వరుసగా. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరుగా ఉండవు, ఈ మాట మీ శ్రీమతికి ముందే చెప్పండి. అక్కడికి వెళ్లాక తెలిస్తే ఇబ్బందిగా ఉంటుంది. కొన్ని హట్లలో ఇద్దరికి సరిపడే విడి గదులు ఉంటాయి, బుకింగులో అడగాలి. స్నానానికి టోకెన్ ఇస్తారు, కొన్ని నిమిషాలే వేడి నీళ్లు వస్తాయి, సబ్బు ముందే రుద్దుకుని టోకెన్ వేయండి. రాత్రి పదింటికి దీపాలు ఆర్పేస్తారు. గురకకు దేశాల తేడా లేదు, చెవుల్లో పెట్టుకునే దూది ముక్కలు బంగారంతో సమానం. ఉదయానికి కావలసినవన్నీ రాత్రే సర్దుకోండి, ఐదింటికి లేచి ప్లాస్టిక్ కవర్లు గలగలలాడించేవారిని ఆ గదిలో ఎవరూ క్షమించరు.

రాత్రి భోజనం ఆరున్నర, ఏడు గంటలకు, అందరికీ ఒకేసారి, పొడవాటి బల్లల దగ్గర. సూపు గిన్నె చేతులు మారుతూ వస్తుంది, అక్కడే పరిచయాలు మొదలవుతాయి. శాకాహారమని బుకింగులోనే రాయాలి, ఒక రోజు ముందు ఫోనులో గుర్తు చేయాలి, వెళ్లగానే మళ్లీ చెప్పాలి. సూపులో మాంసపు నీళ్లు కలిశాయేమో విడిగా అడగండి, ఎందుకంటే ముక్కలు లేకపోతే అది శాకాహారమేనని కొందరి లెక్క. గుడ్డు తింటారా లేదా అన్నది కూడా స్పష్టంగా చెప్పండి, లేకపోతే ఆమ్లెట్ వస్తుంది. ఇటలీ వైపు మీకు ఇంటి తిండి దొరికినట్టే. పొలెంటా అని పళ్లెంలో పెట్టారు, తీరా చూస్తే మన మక్క గట్క! చిన్నప్పుడు మా అమ్మ పచ్చిపులుసుతో పెట్టేది, వీళ్లు కరిగిన చీజ్‌తో పెట్టారు. నేను జేబులో నుంచి పల్లికారం పొట్లం తీసి చల్లుకుని, మూడోసారి అడిగి పెట్టించుకున్నాను. ఉదయపు ఫలహారం మాత్రం రొట్టె, జామ్, కాఫీ తప్ప పెద్దగా ఉండదు, పదింటికల్లా ఆకలేస్తుంది. పల్లిపట్టీలు, నువ్వుల ముద్దలు, వేయించిన పుట్నాలు తీసుకెళ్లండి. సకినాలు బరువు తక్కువే గానీ సంచిలో పిండి అవుతాయి. కోవా వంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు ఐరోపాలోకి తీసుకెళ్లనివ్వరు, వాటిని ఇంట్లోనే వదిలేయండి.

చివరగా, మొత్తం దారి కాలినడకనే పూర్తి చేయాలన్న పట్టు పట్టకండి. ఒంట్లో బాగాలేని రోజు, వాన ఆగని రోజు, కూర్మాయెర్ దగ్గర, స్విట్జర్లాండ్‌లో లా ఫూలీ అనే పల్లె నుంచి షాంపే అనే ఊరి దాకా బస్సులున్నాయి, చివరి భాగంలో ఫ్లెజేర్, బ్రెవాన్ దగ్గర కేబుల్ కార్లున్నాయి. మీ అబ్బాయి యువకుడు, అతను నడిచి వస్తాడు, మీరు బస్సులో వెళ్లి హట్‌లో టీ తాగుతూ ఎదురుచూడవచ్చు. ముఖ్యంగా చివరి రోజు గురించి. లెజూష్ అనే ఊరు నుంచి బయలుదేరి ఎడమచేతి చుట్టుగా నడిస్తే, అందరూ సాధారణంగా నడిచేది అలాగే, ఆఖరి రోజు 2,525 మీటర్ల బ్రెవాన్ శిఖరం నుంచి వెయ్యి మీటర్ల దగ్గరున్న లెజూష్‌కు దిగాలి. అంటే అప్పటికి తొమ్మిది రోజులు అలసిన మోకాళ్లతో ఒకే విడతలో పదిహేను వందల మీటర్లు. 2017లో పంతానికి పోయి దిగాం, ఆ పైన రెండు వారాలు ఇంట్లో మెట్లు చూస్తేనే నాకు భయమేసేది. 2023లో బ్రెవాన్ మీద గంటసేపు కూర్చుని ఎదురుగా మాంట్ బ్లాంక్ మీద మబ్బులు కదలడం చూశాం. దిగే దారి మొదటి మలుపు దాకా వెళ్లి కిందికి చూసి, మా ఆవిడ ఏమీ అనకుండా నా ముఖం వంక చూసింది. వెనక్కి వచ్చి కేబుల్ కారు టికెట్లు కొని ఇరవై నిమిషాల్లో షామొనీ పట్నంలో దిగి, బస్సెక్కి లెజూష్ చేరి, మిగిలిన పల్లిపట్టీలు ఆ బస్ స్టాపులోనే తిన్నాం.